ఎంగిలి ఇన్‌స్పెక్టరు

ప్రమోద గారింటికి భోజనానికి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. గుత్తొంకాయ కూర అలా చేసేవాళ్ళు అట్లాంటా పక్కనున్న ఈ కమ్మింగ్ ఊరు మొత్తం మీద ఇంకొకరు లేరు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. కూర గిన్నెలోని గరిటె మీ కంచానికి తగిలిందా, ఇక అయిపోయారు. ఆవిడ ఏమీ అనదు. నవ్వుతూనే వచ్చి, ఆ గరిటెను రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి సింకులో పడేసి, ఇంకో గరిటె తెచ్చి పెడుతుంది. ఆ నవ్వు చూశాక మీకు అన్నం సహించదు.

ఎంగిలి అంటే ప్రమోదకు అంత పట్టింపు. తణుకులో నాయనమ్మ చేతి కింద పెరిగిన మనిషి మరి. పాతికేళ్ళ కిందట అట్లాంటా విమానాశ్రయంలో దిగినప్పుడు కస్టమ్స్ వాళ్ళు ఆవిడ పెట్టెలోంచి ఆవకాయ జాడీ తీసేసుకున్నారు గానీ, ఈ పట్టింపును మాత్రం పట్టుకోలేకపోయారు. అది భద్రంగా కమ్మింగ్ దాకా వచ్చేసింది.

పక్క ఊరు ఆల్ఫరెటాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఆవిడది. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. జీతమిచ్చి మరీ తప్పులు పట్టమంటుంటే ఆవిడకింకేం కావాలి? ఒకసారి ఆఫీసు పార్టీలో ఒకాయన చిప్ సగం కొరికి, మిగతా సగాన్ని మళ్ళీ అందరికీ పెట్టిన సల్సా పచ్చడి గిన్నెలో ముంచాడు. ప్రమోద ప్రాణం గిలగిల్లాడింది. అది ఎంగిలి అని ఆయనకు ఇంగ్లీషులో చెప్పబోయింది. "ఓ, జెర్మ్స్ గురించా?" అన్నాడాయన. జెర్మ్స్ కాదు నాయనా, ఎంగిలి. కాచి వడపోసినా ఎంగిలి ఎంగిలే. అది ఆయన భాషలో ఎలా చెప్తుంది పాపం! "నెవర్ మైండ్" అనేసి, తన నీళ్ళ సీసా ఎత్తి, మూతి తగలకుండా జానెడు ఎత్తునుంచి గొంతులో పోసుకుంది. ఆ విద్య చూడ్డానికే ఆ ఫ్లోర్‌లో కొందరు ఆవిడ డెస్కు దగ్గరికి వచ్చేవారు.

'ఎంగిలి ఇన్‌స్పెక్టరు' అని పేరు పెట్టింది మనీషా. రెండు వీధుల అవతల ఉంటుంది, వరంగల్ మనిషి. ప్రమోదకు ప్రాణ స్నేహితురాలు. ఈ స్నేహం ఎలా కుదిరిందో ఆ పైవాడికే తెలియాలి, ఎందుకంటే మనీషా కూర రుచి చూసిన చెంచాను నాకి మళ్ళీ అదే గిన్నెలో తిప్పే రకం. ఎవరి కంచంలో ఏది బాగుందనిపిస్తే అది తీసుకుని నోట్లో వేసుకుంటుంది. "నీ చేతి వంట నేను తినను తల్లీ" అని ప్రమోద మొహం మీదే చెప్పేది. "నువ్వు తినకపోతే నాకే మిగుల్తది గదక్కా" అని మనీషా నవ్వేది. పొద్దున్నే ఇద్దరూ కలిసి సబ్‌డివిజన్ కాలనీ చుట్టూ నడిచేవారు. వాళ్ళ మాటలు వింటూ ఆ వీధి కుక్కలకు కూడా తెలుగు వచ్చేసిందని ప్రమోద భర్త శ్రీరామ్ అంటూంటాడు.

మనీషా కూతురు అవని. ఆ పిల్ల చిన్నప్పుడు స్కూల్ బస్సు దిగి తిన్నగా ప్రమోద ఇంటికే వచ్చేది, మనీషా ఆఫీసునుంచి వచ్చేదాకా అక్కడే. ప్రమోదకు ఒక్కడే కొడుకు, రుత్విక్. వాడికి ముద్దలు కలిపి పెట్టేటప్పుడు దానికీ పెట్టేది. పెట్టడమంటే మామూలుగా కాదు, ముద్దను పెదవులకు తగలకుండా నోట్లోకి గురి చూసి వెయ్యడమే. పిల్లలిద్దరూ నోళ్ళు తెరుచుకుని నిలబడితే ఆవిడ వేసేది. "ఆంటీ నెవర్ మిసెస్" అని అవని స్కూల్లో గొప్పగా చెప్పుకుందట. ఇప్పుడు రుత్విక్ వేరే రాష్ట్రంలో చదువుకుంటున్నాడు, అవని ఇక్కడికి గంటన్నర దూరంలోని ఏథెన్స్‌లో యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది, బయాలజీ.

ఇలా ఉండగా, ఈ ఏడాది జూన్‌లో ప్రమోదకు ఉక్కపోత మొదలైంది.

అంతకుముందు పాతికేళ్ళూ ఆ ఇంట్లో చలి అనేది ప్రమోద సొంత ఆస్తి. శ్రీరామ్ ఏసీ కాస్త తగ్గిస్తే ఆవిడ శాలువా కప్పుకుని వచ్చి థెర్మోస్టాట్ మళ్ళీ పెంచేది. అలాంటిది, జూన్‌లో ఆవిడే దాన్ని కిందికి దించడం మొదలుపెట్టింది. శ్రీరామ్ మంకీ క్యాప్ పెట్టుకుని టీవీ చూసే రోజులొచ్చాయి. ఏమైనా అంటే "మీకేం తెలుసు, నా ఒళ్ళు కాలిపోతోంది" అని అరిచేది. అరుపులు ఆ ఇంటికి కొత్తేం కాదు కనుక ఆయన పట్టించుకోలేదు.

ఒళ్ళు తగ్గింది. ఎంత తిన్నా తగ్గింది. గుళ్ళో కనబడ్డ ప్రతి ఆవిడా ఆపి, "ఏం డైట్ అండీ? కీటోనా? మాకూ చెప్పండి" అనేది. ప్రమోదకు లోపల భయం వేస్తున్నా, ఆ మాట చెవికి ఇంపుగానే ఉండేది. "ఏం లేదండీ, కొంచెం రైస్ తగ్గించాను" అని కోసేది. నాలుగు పూటలా రైసే తింటోంది అప్పుడు! చేతులు సన్నగా వణికేవి, గుండె దడదడలాడేది. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఒళ్ళు వేడి చేసిందన్నారు అందరూ. ఒకరు సబ్జా గింజలు తాగమన్నారు, ఒకరు మజ్జిగలో మెంతులు వేసుకోమన్నారు, మనీషా తలకు ఆముదం పెట్టుకోమంది. అన్నీ చేసింది. ఆముదం వాసనకు ఆఫీసులో పక్క డెస్కు ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకున్నాడు.

జూలై చివర్లో ఆవిడ యాభయ్యో పుట్టినరోజు. మనీషా ఇంట్లో పార్టీ. కేక్ కట్ చేశాక ఒక్కొక్కరూ వచ్చి ప్రమోదకు తినిపించబోవడం, ఆవిడ చేతిలోకి తీసుకుని నోట్లో వేసుకోవడం, అదంతా మామూలే. అవని వచ్చింది. సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల, హుషారులో ఉంది. కేక్ ముక్క తాను సగం కొరికి, మిగతా సగాన్ని "హ్యాపీ బర్త్‌డే ఆంటీ!" అంటూ ప్రమోద నోట్లో పెట్టేసింది.

హాల్లో అందరూ ఫోన్లు పైకెత్తారు. మనీషా గుండె పట్టుకుంది. ప్రమోద ఒక్క క్షణం గుడ్లు మిటకరించి చూసి, ఆ కేక్‌ను నమిలి మింగేసింది. చప్పట్లే చప్పట్లు! ఇన్‌స్పెక్టరు గారు ఎంగిలి తిన్నారని ఆ రాత్రే ఫొటోలతో సహా ఊరంతా తెలిసింది. నిజం చెప్పొద్దూ, ప్రమోదకు అసహ్యం వెయ్యలేదు. ఆ పిల్ల కళ్ళల్లో సంతోషం చూసి మింగేసింది, అంతే.

రెండు వారాలు తిరక్కుండానే అవనికి జ్వరం, గొంతునొప్పి, మెడ దగ్గర గడ్డలు. డాక్టరు పరీక్ష చేసి మోనో అన్నాడు. ఈ దేశంలో కాలేజీ పిల్లలకు మామూలుగా వచ్చే వైరస్ జబ్బే. ఉమ్మి ద్వారా అంటుకుంటుంది కాబట్టి ఇక్కడివాళ్ళు దాన్ని ముద్దుల జబ్బు అంటారు. ఆ ముద్దుపేరే కొంప ముంచింది.

సెప్టెంబరు మొదట్లో ఒకరోజు ఆఫీస్ మీటింగ్‌లో ప్రమోద మామూలుగానే సీసా పైకెత్తి నీళ్ళు పోసుకుంది. చెయ్యి వణికింది. నీళ్ళు గొంతులోకి కాదు, మొహం మీదా, జాకెట్ మీదా, ముందున్న ల్యాప్‌టాప్ మీదా పడ్డాయి. చిన్నప్పటినుంచి తప్పని గురి తప్పింది! అది చూశాక ఆవిడకు నిజంగా భయం వేసింది. గుండె దడదడలాడితే వెళ్ళలేదు, ఒళ్ళు తగ్గితే వెళ్ళలేదు, ఎత్తునుంచి నీళ్ళు తాగడం చేతకాకపోయేసరికి డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

ఫ్యామిలీ డాక్టరు రక్తం పరీక్ష చేయించి, థైరాయిడ్ హద్దు మీరి పనిచేస్తోందనీ, చూడబోతే గ్రేవ్స్ డిసీజ్‌లా ఉందనీ, స్పెషలిస్టును కలవమనీ అన్నాడు. గ్రేవ్స్ అనేది ఎప్పుడో దాన్ని కనిపెట్టిన డాక్టరు పేరట. ఆ సంగతి ఆయన చెప్పలేదు. ప్రమోద సమాధులనుకుని, కారులో కూర్చుని బోరుమంది.

ఏడుపు అయ్యాక ఫోను తీసింది. తప్పులు పట్టడం వృత్తిగా గలవాళ్ళ చేతిలో ఫోనుంటే ఏమవుతుందో తెలుసుగా! ఇది ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత గ్రంథి మీద పడే జబ్బని చదివింది. ఎందుకు పొరబడుతుందో వెతికింది. కారణాల్లో వైరస్‌లు ఉండొచ్చని కనబడింది. ఏ వైరస్‌లు? జాబితాలో మోనో తెచ్చే వైరస్ పేరుంది. ఇక ఆ పైన ఆవిడ ఒక్క అక్షరం చదివితే ఒట్టు. జూలై, కేక్, అవని, మోనో. బగ్ దొరికిపోయింది.

ఆ మాట కడుపులో దాచుకోవచ్చు కదా? దాచుకోలేదు. గుళ్ళో పరిచయమైన మృదులకు ఫోన్ చేసింది. మృదులకు చెప్పడమంటే గుడి మైకులో చెప్పడమే. "నేను అవనిని ఏమీ అనట్లేదు మృదులా, చిన్నపిల్ల. కానీ యాభై ఏళ్ళు జాగ్రత్తగా ఉన్నాను, ఒక్కసారి ఎంగిలి తిన్నాను, చూడు ఏమైందో" అంది. సాయంత్రానికల్లా ఆ మాట కాళ్ళూ చేతులూ తెచ్చుకుని కమ్మింగ్‌లో ఇల్లిల్లూ తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ ఇంకొంచెం కూడబెట్టుకుంది. అవని వల్ల ప్రమోద గారికి జన్మంతా పోని రోగం వచ్చిందట. అసలు ఆ పిల్లకు ముద్దుల జబ్బు ఎలా వచ్చిందో, ఎవరి దగ్గర తెచ్చుకుందో! ఛీ, ఏం నోళ్ళో ఏమో.

స్పెషలిస్టు తెలుగావిడే. డాక్టర్ కృష్ణకుమారి. గుంటూరులో చదివి ఎప్పుడో డెబ్భైల్లో వచ్చిన మనిషి. రిటైరయ్యే వయసు దాటి చాలా కాలమైనా ఇంట్లో తోచక వారానికి మూడు రోజులు పేషెంట్లను చూస్తోంది. ప్రమోద మెడ తడిమి, కళ్ళు చూసి, చేతులు చాచమని వేళ్ళ మీద కాగితం పెట్టింది. కాగితం గడగడా వణికింది. "గ్రేవ్సే. భయపడకమ్మాయ్, సమాధి కాదు" అంది. ప్రమోద సగం కుదుటపడింది.

"డాక్టర్ గారూ, నాకు మోనో టెస్టు కూడా చెయ్యాలి."

"ఎందుకూ?"

ప్రమోద మొత్తం చెప్పింది. పుట్టినరోజు, కేక్, ఎంగిలి, అన్నీ. శ్రీరామ్ పక్కన కూర్చుని కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. పెద్దావిడ ఆసాంతం విని, "దాంతో నీ వైద్యం ఏమీ మారదు. కానీ ఆ పరీక్ష చేయించేదాకా నువ్వు నా ప్రాణం తీస్తూనే ఉంటావు. సరే, రాస్తాను" అంది. గుండెదడకు ఒక మాత్ర, థైరాయిడ్‌ను అదుపు చేసేందుకు ఇంకో మాత్ర ఇచ్చి, రెండు వారాల్లో రమ్మంది. వెళ్ళేముందు శ్రీరామ్ నెమ్మదిగా అడిగాడు: "మాత్రలు వేసుకుంటే కోపం కూడా తగ్గుతుందాండీ?"

"తగ్గుతుంది. ఎంత జబ్బుదో, ఎంత సొంతమో అప్పుడు తెలుస్తుంది" అంది డాక్టరు.

ఈ మధ్యలో పొద్దుటి నడక ఆగిపోయింది. మనీషా రాలేదు, ప్రమోద పిలవలేదు. తప్పు అటువైపు ఉంది కాబట్టి వాళ్ళే రావాలని ఈవిడ పంతం. వారం రోజులకు ఒక శనివారం పొద్దున మనీషా వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం ముందే నిలబడింది.

"నీ ఆరోగ్యం ఎట్లుందో అడుగుదామని వచ్చిన."

"పర్లేదు. మాత్రలు వాడుతున్నా."

"మంచిగైతవులే. ఒక్క మాట చెప్పిపోత అక్కా. నన్ను అంటే పడ్త, నా ఎంగిలి మీద నువ్వు రోజూ అంటనే ఉంటివి, నేను నవ్విన. కానీ నా బిడ్డ ఏం జేసింది? నీ మీది ప్రేమతోటి కేక్ పెట్టింది." మనీషా వెళ్ళబోయి మళ్ళీ ఇటు తిరిగింది. "నిన్న ఏథెన్స్ పోయినం. అది డైనింగ్ హాల్‌ల ఎవ్వరితోటి కూసుంటలేదంట. ప్లేట్ రూముకు తెచ్చుకుని ఒక్కతే తింటున్నదంట. దాని కప్పు, దాని స్పూను ఒక డబ్బాల పెట్టి తాళమేసుకుంది. నేను దగ్గరకి తీసుకోబోతే 'డోంట్ టచ్ మి మమ్మీ, ఐ మేడ్ ఆంటీ సిక్' అని ఎనకకు జరిగింది. నువ్వు మృదులకు చెప్పినవ్. ఆమె ఊరందరికీ చెప్పింది. నా బిడ్డ నలుగురితోటి కలిసి తినుడు మానేసింది."

ఆ మాట చెప్పి మనీషా వెళ్ళిపోయింది. మొట్టమొదటిసారి, ఆవిడ నవ్వకుండా వెళ్ళింది.

ప్రమోద తలుపు దగ్గరే నిలబడిపోయింది. స్పూను డబ్బాలో పెట్టి తాళం వేసుకున్న అవని కళ్ళముందు కదిలింది. ఒక్క ముద్ద కోసం నోరు తెరుచుకుని నిలబడ్డ పిల్ల. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పంతం ఒక పట్టాన వదల్లేదు. జబ్బు వచ్చింది నిజమే కదా, కేక్ తిన్నది నిజమే కదా అని లోపల ఇంకా వాదిస్తూనే ఉంది. రెండో విజిట్ దాకా అలాగే వాదించుకుంది, అన్నం సహించక, మనీషాకు ఫోన్ చెయ్యబోయి మానేస్తూ.

డాక్టర్ కృష్ణకుమారి కంప్యూటర్ వైపు చూసి, కళ్ళజోడు సర్దుకుంది.

"అమ్మాయ్, నీకు ఆ వైరస్ ఉంది."

"చెప్పానా!" అంది ప్రమోద శ్రీరామ్ వైపు తిరిగి. అనేసింది గానీ, ఆ మాటకు ఆవిడకే సంతోషం కలగలేదు.

"ఆగు, పూర్తిగా విను. కొత్తగా వస్తే రక్తంలో ఒక రకం గుర్తులుంటాయి. నీకవి లేవు. పాతబడ్డాక వచ్చే గుర్తులు వేరే ఉంటాయి. అవి రావడానికి నెలలు పడుతుంది. మొన్న నీ రక్తం తీసేనాటికి ఆ కేక్ తిని రెండు నెలలైనా కాలేదు. నీకున్నవి పాత గుర్తులే. ఆ పిల్ల కేక్ పెట్టడానికి చాలా ముందే నీ ఒంట్లో ఉంది అది. ఒకసారి వస్తే చచ్చేదాకా పోదు. నిద్రపోతూ ఉంటుంది, ఎప్పుడన్నా లేస్తుంది."

"మరి ఎవరి దగ్గర అంటుకున్నట్టు?"

"మన వైపు పుట్టి పెరిగినవాళ్ళకి ఇది చిన్నతనంలోనే వచ్చేస్తుంది. మామూలు జ్వరంలా వచ్చి పోతుంది, ఎవరికీ తెలీదు కూడా. ఇక్కడి పిల్లలకు పెద్దయ్యాక వస్తుంది కాబట్టి అంత హడావిడి చేస్తుంది."

"నాకా? చిన్నప్పుడా? అసాధ్యమండీ. మా నాయనమ్మ ఎవరి ఎంగిలీ తిననిచ్చేది కాదు."

"ఎవరిదీ తిన్లేదూ? బడిలో కూడా?"

"తినలేదండీ. బడిలో వేరుశనగ ఉండ కొనుక్కుంటే కూడా, పక్కమ్మాయికి పెట్టాలంటే శుభ్రంగా పరికిణీ అంచు కప్పి, కాకెం..."

ప్రమోద నోరు అక్కడే ఆగిపోయింది.

మీలో ఎవరికైనా తెలియకపోతే చెప్తాను. కాకెంగిలి అంటే కాకి ఎంగిలి. మన దగ్గర ఒకే ఉండ ఉండి, తినేవాళ్ళు ఇద్దరున్నారనుకోండి. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీదనుంచి కొరికి రెండు చెయ్యాలి. పంటికీ ఉండకూ మధ్య గుడ్డ ఉంది కాబట్టి అది ఎంగిలి కాదు. చిన్నపిల్లల చట్టంలో దీనికి తిరుగులేదు. నాయనమ్మలు కూడా కాదనలేరు. ఉమ్మికి నానిన ఆ పరికిణీ అంచు మీదనుంచే పొద్దున ఒకళ్ళూ మధ్యాహ్నం ఒకళ్ళూ కొరికినా సరే, అది మడిలాంటిదే! తణుకు గర్ల్స్ హైస్కూల్లో ప్రమోద పరికిణీ అంచు మీద ఎంత మంది పంటిగాట్లున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

డాక్టరు పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మేమూ తినేవాళ్ళం. నాకూ ఉండే ఉంటుంది నీ వైరస్సు. గుడ్డ మనల్ని నాయనమ్మ నుంచి కాపాడింది గానీ, దాన్నుంచి ఏం కాపాడుతుంది?"

ప్రమోద మొహం ఎర్రబడింది. "అయితే ఆ వైరసే ఇప్పుడు లేచి నాకీ జబ్బు తెచ్చిందా?"

"అనుమానితుల్లో అదొకటి, అంతే. మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు చూడు, వాళ్ళలో కొందరి లోపలే దాక్కుంటుంది ఈ వైరస్. లేచినప్పుడు వాళ్ళకు మతి చెడగొడుతుందేమోనని పరిశోధనలు చేస్తున్నారు. గ్రేవ్స్ ఉన్నవాళ్ళలో దాని జాడలు ఎక్కువున్నాయని కొందరన్నారు. కారణం అదేనని మాత్రం ఇంకా తేలలేదు. లోకంలో దాదాపు అందరికీ ఈ వైరస్ ఉందమ్మా, అందరికీ గ్రేవ్స్ రాలేదుగా? వంశంలో ఉండాలి, ఇంకా ఏవేవో కలిసిరావాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

లేదని చెప్పబోయిన ప్రమోదకు పెద్దమ్మ గుర్తొచ్చింది. గుడ్లురిమి చూసే పెద్దమ్మ. మెడ దగ్గర చిన్న ఉబ్బు ఉండేది. పుష్యమాసంలో కూడా వీధరుగు మీద పడుకునేది. కోపిష్ఠిది అని ఊరంతా దడుచుకునేవారు. జబ్బని ఎవరికీ తోచలేదు పాపం, గయ్యాళి అని పేరు పెట్టి వదిలేశారు.

శ్రీరామ్ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. "అదీగాక, పుట్టినరోజు జూలైలో. మన ఇంట్లో థెర్మోస్టాట్ గొడవ జూన్‌లోనే మొదలైంది."

ప్రమోద ఆయన వైపు తిరిగింది. "ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదండీ!"

"చెప్పాను. నువ్వప్పుడు అరుస్తున్నావు."

డాక్టరు మళ్ళీ నవ్వబోయి, ప్రమోద కళ్ళల్లో నీళ్ళు చూసి ఆగింది. "చూడమ్మాయ్, ఒకవేళ ఆ పిల్ల దగ్గర్నుంచే వచ్చిందనుకో. అయితే మాత్రం? కావాలని ఇచ్చిందా? ప్రేమగా పెట్టింది, నువ్వు ప్రేమగా తిన్నావు. దాన్ని ఎవరైనా నేరం చేస్తారా?"

ప్రమోద తల వంచుకుంది. లేచి బయటికి రాగానే మృదులకు ఫోన్ చేసింది.

ఆ సాయంత్రమే మనీషా ఇంటికి వెళ్ళింది. మనీషా తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ప్రమోద గుమ్మం బయటే ఆగింది. "నాదే తప్పు మనీషా. అవని వల్ల రాలేదు. నాకు చిన్నప్పుడే ఉంది. మృదులకు ఫోన్ చేసి చెప్పాను. అందరికీ చెప్పమన్నాను" అంది. మృదుల ఈపాటికి చెప్పేసే ఉంటుంది, ఆ విషయంలో అనుమానం అక్కర్లేదు.

"నాతో కాదక్కా. దానితోటి చెప్పు" అంది మనీషా. కోపంగానే అంది. అని లోపలికి వెళ్ళి, అవని కోసం చేసిన పల్లీ లడ్డూల డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "రేపు ఆదివారమే గదా, పోయిరా. గిది తీస్కపో. నేను ఇస్తే తీసుకుంటలేదు."

ప్రమోద డబ్బా తీసుకుని, మూత తీసి చూసింది. అలవాటు, ఏం చేస్తాం.

"రుచి చూడలేదులే. ఇన్‌స్పెక్షన్‌కు పెట్టిన," అంది మనీషా, మొహం అటు తిప్పుకుని.

మర్నాడు ఆదివారం. శ్రీరామ్ డ్రైవ్ చేశాడు, చలికి స్వెట్టర్ వేసుకుని, ఎందుకంటే కారులో ఏసీ ఇంకా ప్రమోద రాజ్యంలోనే ఉంది. మాత్రలు పనిచెయ్యాలంటే కొన్ని వారాలు పడుతుందన్నారు మరి. ఏథెన్స్‌లో అవని హాస్టల్ ముందు ఆయన్ను కారులోనే ఉండమంది.

అవని కిందికి వచ్చింది. పిల్ల చిక్కిపోయింది. నాలుగడుగుల దూరంలోనే ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"హాయ్ ఆంటీ. మీరు ఓకేనా? ఐ యామ్ సో సారీ. నాకు తెలీదు ఆంటీ, నాకు అప్పుడు ఫీవర్ లేదు, నేను జస్ట్..." మాట మధ్యలోనే ఏడుపు వచ్చేసింది.

ప్రమోద గుండె తరుక్కుపోయింది. వచ్చేదారిలో ఆవిడ పాతగుర్తులు, కొత్తగుర్తులు, కాపలావాళ్ళు అన్నీ వరసగా చెప్పాలనుకుంది. కొంచెం చెప్పింది కూడా. ఆ పిల్ల బయాలజీ చదువుతోంది, తలూపింది. అన్నీ అర్థమయ్యాయి, అయినా చేతులు వెనకాలే ఉన్నాయి.

"అంటే మీకు ముందే ఉంది. ఓకే. బట్ ఆంటీ, నా సలైవాలో ఇంకా చాలా మంత్స్ ఉంటుంది. వేరేవాళ్ళకి రావచ్చు. నేను కేర్‌ఫుల్‌గా ఉండాలి. లైక్ యు."

లైక్ యు! ఆ మాట తగలాల్సిన చోట తగిలింది ప్రమోదకు. యాభై ఏళ్ళు గరిటెలు సింకులో పడేసిన మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఎవరు వేస్తారు?

ఆవిడ బెంచీ మీద కూర్చుంది. డబ్బా తెరిచి, ఒక లడ్డూ తీసి, చున్నీ కొంగు కప్పి, దాని మీదనుంచి గట్టిగా కొరికింది. బెల్లం పాకం గట్టిది, వరంగల్ చెయ్యి. కటుక్కుమని రెండయింది. సగం అవని వైపు చాపింది.

"వాట్ ఈజ్ దట్?"

"కాకెంగిలి. గుడ్డ మీదనుంచి కొరికితే ఎంగిలి కాదు."

అవని కన్నీళ్ళ మధ్యనే వింతగా చూసింది. "ఆంటీ, క్లాత్ వైరస్‌ని ఆపదు."

"ఆపదని నాకూ నిన్నే తెలిసింది. తిను."

పిల్ల నవ్విందో ఏడ్చిందో తెలియదు, వెనక ఉన్న చెయ్యి ముందుకొచ్చింది. లడ్డూ తీసుకుంది. కొంచెం కొరికింది. కొరికి, మిగిలిన ముక్కను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఇబ్బందిగా పట్టుకుని నిలబడింది, డబ్బాలో దాచుకునే స్పూను గుర్తొచ్చినట్టు.

ప్రమోద లేచింది. నోరు తెరుచుకుని, అవని ముందు నిలబడింది. చిన్నప్పుడు ఆ పిల్ల నిలబడినట్టే.

"ఆంటీ, నో..."

"వెయ్యవే, నోరు నొప్పి పుడుతోంది."

అవని చెయ్యి వణికింది. ఈ వణుక్కి ఏ డాక్టరు దగ్గరా మాత్ర లేదు. గురి చూసి వెయ్యడం దానికి చేతకాదు, ఎవరూ నేర్పలేదు. దగ్గరికొచ్చి, తాను కొరికిన ముక్కను వేళ్ళు పెదవులకు తగిలేలా ప్రమోద నోట్లో పెట్టింది.

ఈసారి మధ్యలో చున్నీ లేదు.